ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ: కొన్నేళ్లు వాడాక

2021 ఫిబ్రవరిలో ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 3060 వచ్చినప్పుడు చాలామంది పెదవి విరిచారు. అంతకు ముందు డిసెంబర్‌లోనే వచ్చిన 3060 టీఐ దీనికంటే బాగా వేగం, అందులో ఉన్నది 8 జీబీయే. మరి నెమ్మదైన కార్డుకు 12 జీబీ మెమరీ దేనికని వాళ్ల ప్రశ్న. అదేమీ ఉదారంగా ఇచ్చింది కాదు లెండి. దీని మెమరీ బస్, అంటే మెమరీకి డేటా వెళ్లే దారి, 192 బిట్లు, ఒక్కో చిప్‌కు 32 బిట్లు కావాలి. అంటే ఆరు చిప్‌లు, ఒక్కోటి 1 జీబీ లేదా 2 జీబీ, కాబట్టి 6 జీబీ పెట్టాలి, లేదంటే 12.

ఇప్పుడు ఆ 12 జీబీయే ఈ కార్డును నిలబెడుతోంది. కొత్త గేముల్లో టెక్స్‌చర్లు (వస్తువుల పైన అతికే బొమ్మలు) హైలోనే ఉంచి, నీడలు, పొగమంచు లాంటివి మీడియంకు దించి ఆడుతున్నాను. టెక్స్‌చర్ క్వాలిటీ పెంచితే మెమరీ నిండుతుంది కానీ, చోటు ఉన్నంతవరకు సెకనుకు వచ్చే ఫ్రేములు (బొమ్మలు) పెద్దగా తగ్గవు. చోటు చాలకపోతేనే తంటా. డేటా మామూలు ర్యామ్ నుంచి రావాల్సి వచ్చి, కెమెరా తిప్పినప్పుడల్లా జర్కులు వస్తాయి.

నాకు ఎక్కువ తలనొప్పి తెచ్చింది మాత్రం కార్డు కాదు. సైబర్‌పంక్ 2077లో ఊరి బయట 1440పీ రిజల్యూషన్‌లో హాయిగా సాగే గేమ్, రద్దీ వీధిలోకి రాగానే తడబడేది. స్క్రీన్ మూలన అంకెలు పెట్టి చూస్తే, ఫ్రేములు పడిపోతున్నా కార్డు వాడకం 65 శాతం దగ్గరే తిరుగుతోంది. అంటే కార్డుకు పని లేక ప్రాసెసర్ కోసం ఎదురుచూస్తోంది. రిజల్యూషన్ 1080పీకి దించి చూశాను. ఫ్రేములు ఇసుమంత కూడా పెరగలేదు. ఇక అనుమానం అక్కర్లేదు.

అప్పటి ప్రాసెసర్ రైజెన్ 5 3600. మదర్‌బోర్డు మార్చకుండా, బయోస్ (మదర్‌బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి రైజెన్ 7 5800ఎక్స్3డీ వేశాను. మామూలు 5800ఎక్స్‌లో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్‌లోనే ఉండే వేగమైన మెమరీ) 32 ఎంబీ అయితే ఇందులో 96. జనం, వాహనాల కదలికల లెక్కల కోసం మాటిమాటికీ ర్యామ్ దాకా వెళ్లే పని తగ్గుతుంది. సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు) ఏమంత పెరగలేదు కానీ ఆ వీధిలో తడబాటు పోయింది. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కోదానికి 16.7 మిల్లీసెకన్లు. మధ్యలో ఒక్కటి 50 తీసుకున్నా కంటికి తెలుస్తుంది, సగటులో మాత్రం కొట్టుకుపోతుంది. అందుకే రివ్యూల్లో ఇప్పుడు నేను ముందు చూసేది '1 శాతం లో' అంకెనే, అంటే అతి నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల వేగం.

బొమ్మను తక్కువ రిజల్యూషన్‌లో గీసి ఏఐతో పెంచే డీఎల్‌ఎస్‌ఎస్ కూడా ఇక్కడే దెబ్బతింటుంది. 1440పీలో క్వాలిటీ మోడ్ పెడితే బొమ్మ లోపల 960పీలో తయారై పెద్దదవుతుంది. దాంతో కార్డు భారం తగ్గుతుంది, ప్రాసెసర్‌ది తగ్గదు. పాత ప్రాసెసర్‌తో రద్దీ వీధిలో అది ఆన్ చేసినా ఒకటే, చేయకపోయినా ఒకటే. వెలుగు కిరణాలను లెక్కగట్టి నీడలు, ప్రతిబింబాలు గీసే రే ట్రేసింగ్ అయితే ఈ కార్డుకు మోయలేని బరువు. స్క్రీన్‌షాట్ కోసం ఆన్ చేసి, వెంటనే ఆఫ్ చేస్తాను.

ర్యామ్ రెండు స్టిక్కులుగా వేసి, బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయండి. లేకపోతే 3200 వేగమని కొన్నది 2133 దగ్గరో 2400 దగ్గరో నడుస్తుంటుంది. ఎస్‌ఎస్‌డీతో లోడింగ్ టైమ్ తగ్గుతుంది, ఫ్రేములు పెరగవు.

ఇది 170 వాట్ల కార్డే అయినా, క్యాబినెట్‌లో దుమ్ము పేరుకున్నాక 80 డిగ్రీలు దాటేది. ఒక ఫ్యాన్ గరగరమనడం మొదలుపెట్టింది. శబ్దం వారంటీ కిందకు రాదని సర్వీస్ సెంటర్ వాళ్లు చేతులెత్తేశారు. ఫ్యాన్ నేనే మార్చి, చిప్ వేడిని కూలర్‌కు చేరవేసే పేస్ట్ కొత్తగా రాసి, వోల్టేజీ కాస్త తగ్గించాక కార్డు చల్లబడింది, క్లాక్ స్పీడ్ కూడా నిలకడగా ఉంటోంది.

4కేలో ఆడాలనుకుంటే దీని జోలికి వెళ్లకండి. 1080పీకి, సెట్టింగ్‌లతో సర్దుకోగలిగితే 1440పీకి, ఇప్పటికీ పనికొస్తుంది. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు పెట్టె మీద మెమరీ ఎంతో చూసి మరీ కొనండి. ఇదే పేరుతో 8 జీబీ కార్డు ఒకటుంది. దాని బస్ 128 బిట్లే, వేగమూ తక్కువే.