బ్యాంకు గుమ్మంలో 16 ఏళ్లు: నా 12 బోరు డబుల్ బ్యారెల్

సైన్యంలో ఎస్‌ఎల్‌ఆర్, ఆ తర్వాత ఇన్సాస్ రైఫిళ్లు పట్టిన చేతికి ఈ 12 బోరు రెండు గొట్టాల తుపాకీ ఇస్తే మొదట్లో నామోషీ అనిపించింది. 16 ఏళ్లు భుజాన మోశాక చెబుతున్నా, గార్డు డ్యూటీకి ఇదే నయం.

ఎస్‌ఎల్‌ఆర్‌లో తూటా పేలితే గ్యాస్ కొంత పై గొట్టంలోకి పోయి పిస్టన్‌ను వెనక్కి తంతుంది. ఖాళీ తొడుగు ఎగిరిపడి, తిరుగు స్ప్రింగు ఇంకో తూటాను ఎక్కిస్తుంది. అంతా దానంతటదే. ఛాంబర్‌లో, అంటే తూటా కూర్చునే చోట, తూటా ఉందో లేదో మాత్రం పైకి కనిపించదు. దీనికా గొడవ లేదు. లివర్ పక్కకు నెట్టి గొట్టాలు వంచితే రెండు కన్నాల్లోంచి అవతలి వెలుతురు కనిపిస్తుంది. కనిపిస్తే ఖాళీ. రోజూ డ్యూటీ దిగేముందు మేనేజరుగారికి అలాగే చూపించేవాణ్ని.

అలా వంచినప్పుడే తూటాను కొట్టి పేల్చే లోపలి హ్యామర్లు బిగుసుకుంటాయి, నా తుపాకీలో సేఫ్టీ కూడా అప్పుడే పడుతుంది. సేఫ్టీ ఉంటే భయం లేదనుకుంటారు చాలామంది. అది ఆపేది ట్రిగ్గర్‌నే, హ్యామర్‌ను కాదు. తుపాకీ కింద పడితే హ్యామర్ జారి పేలొచ్చు. నిండు తుపాకీని గోడకు ఆనించి టీకి వెళ్లే గార్డును చూస్తే నాకిప్పటికీ టెన్షనే.

ఈ డ్యూటీలో 11వ ఏట ప్రాక్టీసులో ఎడమ గొట్టం పేలలేదు. గురి కదపకుండా అర నిమిషం ఆగి తెరిచా. కుడి తూటా అడుగున క్యాప్ మీద మిరియపు గింజంత గుంట. ఎడమదాని మీద గోటితో గీరినంతే. క్యాప్ గట్టిగా నలిగితేనే అందులోని మందు మండి, ఆ మంట పౌడర్‌కు అంటుకుంటుంది. పౌడర్ గ్యాసైతేనే తూటాలోని చిన్న గుండ్లు కదులుతాయి. తుపాకులు బాగుచేసే ఆయన విప్పి చూసి నావైపు అదోలా చూశాడు. నేను ప్రేమగా పోసిన కుట్టుమిషన్ నూనె దుమ్ముతో కలిసి జిగురైపోయి హ్యామర్ దెబ్బను మెత్తబరిచింది! అప్పట్నుంచి గుడ్డకు రెండు చుక్కలు, అంతే.

తోలు బెల్టులో నెలల తరబడి ఉంచితే తూటాల ఇత్తడికి పచ్చటి చిలుము పట్టి, గొట్టంలో సరిగ్గా కూర్చోవు. డబ్బాలో పెట్టుకోండి.

గొట్టం లోపల రైఫిల్‌లోలా మెలితిరిగిన గాడులు ఉండవు, గుండ్లు విచ్చుకుంటూ పోతాయి. 40 మీటర్లు దాటితే దీన్ని నమ్ముకోలేం. బ్యాంకు హాలుకు అంత దూరం ఎందుకు గానీ, రెండు కాల్చగానే మళ్లీ వంచి చేత్తో నింపుకోవాలి. అదొక్కటే నాకు చివరిదాకా నచ్చలేదు.