ఫోర్ట్ వేన్‌లో షో క్వయర్ పోటీ: బడి చూపిన మర్యాద, హోటల్ వేసిన జరిమానా

మా ఇంట్లో పొగ తాగే అలవాటు ఎవరికీ లేదు. అయినా అమెరికాలో, ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్‌లో మేం దిగిన హోటల్ వాళ్లు, గదిలో పొగ తాగారంటూ మా కార్డు మీద 250 డాలర్ల జరిమానా వేశారు. ఆ డబ్బు రాబట్టుకోవడానికి ఏం చేయాల్సి వచ్చిందో చెప్పాలి. అదే ఊళ్లో ఒక ప్రభుత్వ హైస్కూలు వాళ్లు ముక్కూ మొహం తెలియని మమ్మల్ని ఎంత ఆప్యాయంగా చూసుకున్నారో కూడా చెప్పాలి. ఇండియానా, ఒహాయో, ఇల్లినాయ్ వైపు ఉంటూ జనవరి నుంచి మార్చి దాకా పిల్లలను షో క్వయర్ పోటీలకు తిప్పే తెలుగు తల్లిదండ్రులు ఇప్పుడు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఒక్కరికైనా ఈ 250 డాలర్లు మిగిలితే నాకు అంతే చాలు.

షో క్వయర్ ఎప్పుడూ చూడనివాళ్లకు రెండు ముక్కలు. నలభై యాభై మంది హైస్కూలు పిల్లలు మెట్ల వేదిక మీద నిలబడి పాడుతూనే నాట్యం చేస్తారు. డ్రమ్స్, కీబోర్డు, ట్రంపెట్లు పక్కనే అప్పటికప్పుడు వాయిస్తారు. గాత్రానికి వేరుగా, నాట్యానికీ అభినయానికీ వేరుగా మార్కులుంటాయి. మధ్యలో ఒక నెమ్మది పాట వస్తుంది. అప్పుడు అడుగులు ఆపేసి, ఎగిరి ఎగిరి రొప్పుతున్న ఊపిరిని అదుపులో పెట్టుకుని పాడాలి. ఏ బృందం ఎంత సాధన చేసిందో నాకు అక్కడే తెలిసిపోతుంది. వేదిక ఎక్కడం, పాడటం, సామాను దింపుకోవడం అన్నీ ఇచ్చిన గడువులోనే ముగియాలి. గడువు దాటితే మార్కులు కోస్తారు. ఇలాంటి పోటీ దేశంలో మొట్టమొదట 1970ల మధ్యలో జరిగింది కూడా ఫోర్ట్ వేన్‌లోనే, బిషప్ లూయర్స్ హైస్కూలు ఆధ్వర్యంలో. మేం వెళ్లింది ఆ పోటీకి కాదు, ఊళ్లోని మరో బడి నిర్వహించిన పోటీకి.

మేముండేది ఇండియానాపోలిస్ పక్కన. ఫోర్ట్ వేన్ 69వ నంబరు రహదారి మీద రెండు గంటల దూరం. బడి బస్సు శనివారం తెల్లవారుజామున మూడున్నరకు బయల్దేరుతుందన్నారు. అనుమతి పత్రం మీద సంతకం పెడితే తల్లిదండ్రులే ముందురోజు తీసుకెళ్లవచ్చు. మంచు సూచన ఉంది కాబట్టి శుక్రవారం సాయంత్రమే బయల్దేరాం. మావారు, నేను, పదో తరగతి చదివే మా అమ్మాయి, దాని తమ్ముడు, విశాఖ నుంచి వచ్చి ఉన్న మా అత్తయ్య. దారిలో చెప్పుకోవలసిందేమీ లేదు.

హోటల్ సంగతికొస్తాను. పేరున్న సంస్థదే, రహదారి దిగగానే ఉంటుంది. రాత్రికి 149 డాలర్లు. రెండు రాత్రులకు పన్నులతో కలిపి దాదాపు 340 అయింది. మామూలు వారాంతంలో అదే గది 90కి దొరుకుతుందని తర్వాత చూశాను. పోటీ ఉందని తెలిసి ధర పెంచడం వ్యాపారం, దాన్ని తప్పు పట్టను. కానీ వేడి అల్పాహారం ఉంటుందని రాసి పెట్టి, శని ఆదివారాల్లో ఏడు గంటలకు గానీ తలుపు తీయమన్నారు. పిల్లలు ఆరుంపావుకల్లా బడిలో ఉండాలి. పొట్లాలు కట్టి ఉంచుతామని రాత్రి మాట ఇచ్చిన మనిషి ఉదయం లేడు. ఉన్నవాడికి ఆ సంగతి తెలియదు. నాలుగు అరటిపండ్లు ఇచ్చి పంపాడు. మా అత్తయ్య పులిహోర కలిపి తెచ్చారు కాబట్టి పిల్లలు ఖాళీ కడుపుతో పాడే గతి తప్పింది.

ఆ ఉదయం ఐదింటికి మా గదిలో ముగ్గురు ఆడపిల్లలున్నారు. మా అమ్మాయి, పక్క గదుల్లో దిగిన ఇద్దరు స్నేహితురాళ్లు. షో క్వయర్‌లో అందరి జుట్టూ ఒకేలా ఉండాలి. పాయలు పాయలుగా తీసి వేడి కడ్డీకి చుట్టి, రింగులు తిప్పి, ముందు జుట్టు వెనక్కి లాగి పిన్నులు గుచ్చి, మీద హెయిర్‌స్ప్రే కొట్టాలి. ఆ స్ప్రే ఒక పొరతో ఆగదు. రాత్రి ఫైనల్స్ దాకా రింగు విడిపోకూడదని పొర మీద పొర కొడతారు. స్నానాల గదిలో అద్దం కనిపించనంత మంచుగా కమ్మింది. గది తలుపు తీస్తే చలి, అందుకని మూసే ఉంచాం.

రాత్రి పన్నెండున్నరకు తిరిగొచ్చేసరికి తలుపు కింద కవరు ఉంది. ఉదయం 5:22 నుంచి 5:51 వరకు గదిలో పొగ తాగినట్లు గాలి నాణ్యత సెన్సర్ నమోదు చేసిందనీ, శుభ్రపరిచే ఖర్చు కింద 250 డాలర్లు కార్డు మీద వేశామనీ అందులో ఉంది. కింద ఎవరి సంతకమూ లేదు. మావారికి కోపం వస్తే మాటలు ఆగిపోతాయి. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని కిటికీ దగ్గర నిలబడ్డారు. మా అత్తయ్య మాత్రం తన వల్లేమో అని బెంగపడిపోయారు. "నేను అగరుబత్తి కూడా వెలిగించలేదమ్మా, విభూతి పెట్టుకున్నానంతే" అని రెండుసార్లు చెప్పారు. డెబ్బై దాటిన మనిషి పరాయి దేశంలో తానేదో నేరం చేసినట్లు మంచం అంచున కూర్చోవడం చూసి నాకు కడుపు రగిలిపోయింది. జరిమానా కంటే అదే ఎక్కువ బాధించింది.

ఆదివారం ఉదయం మేనేజరు వచ్చాడు. హెయిర్‌స్ప్రే అని చెప్పాను. డబ్బా చూపించాను. "సెన్సర్‌కు తేడా తెలుస్తుంది" అన్నాడు. "గది శుభ్రం చేసిన మనిషికి పొగ వాసన వచ్చిందా?" అని అడిగితే, అది తమ అంతర్గత విషయం అన్నాడు. గదిలోకి వచ్చి స్వయంగా చూడమంటే, అవసరం లేదన్నాడు. వరుసలో మా వెనక నిలబడ్డ మరో బడి తల్లి చేతిలోనూ అలాంటి కవరే ఉంది. ఆవిడ కూతురిదీ రింగుల జుట్టే. ఇద్దరం ఒకరి ఫోన్ నంబరు ఒకరం తీసుకున్నాం.

తర్వాత చేసిన పని వరసగా చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. సెన్సర్ నమోదు చేసిన సమయాల కాగితాన్ని ఈమెయిల్‌లో పంపమని అక్కడే అడిగి తీసుకున్నాను. పిల్లలు జుట్టు చేసుకుంటుండగా నేను తీసిన ఫోటో మీద 5:30 అని ఉంది, పక్కన స్ప్రే డబ్బా కనిపిస్తోంది. జుట్టు, మేకప్ పూర్తి చేసుకునే రావాలని బడి పంపిన సూచనల ఉత్తరం జత చేశాను. రెండో తల్లికి పడిన జరిమానా కాగితం కూడా జత చేశాను. ఇవన్నీ కార్డు సంస్థకు పంపి ఫిర్యాదు పెట్టాను. హోటల్ వాళ్లు తమ నిబంధనల పేజీ తప్ప ఏమీ చూపలేకపోయారు. తర్వాతి నెల బిల్లులో 250 డాలర్లూ తిరిగొచ్చాయి. ఆవిడకూ వచ్చాయి. మీకు ఇలా జరిగితే అక్కడ అరిచి లాభం లేదు, రాతపూర్వకంగా ఏది దొరికితే అది పట్టుకోండి. గది తీసుకునేటప్పుడే పొగ సెన్సర్లున్నాయా అని అడగండి. ఉన్నాయంటే జుట్టు పని బడిలోనే పెట్టుకోండి. అక్కడ దుస్తులు మార్చుకునే గదుల్లో అద్దాలు, ప్లగ్గులు కావలసినన్ని ఉంటాయి.

ఇక పోటీ నిర్వహించిన బడి. ప్రవేశ రుసుము పెద్దలకు రోజంతటికీ 20 డాలర్లు, వృద్ధులకు 15, కార్యక్రమ పుస్తకం 5. లోపలికి వెళ్లగానే ఆ బడి చొక్కా వేసుకున్న ఒక విద్యార్థి మా బృందానికి తోడుగా వచ్చాడు. రోజంతా వాళ్లను వదల్లేదు. ఏ నిమిషానికి దుస్తులు మార్చుకునే గది, ఏ నిమిషానికి గొంతు సవరించుకునే గది, ఎప్పుడు వేదిక, తర్వాత న్యాయనిర్ణేత వచ్చి తప్పొప్పులు చెప్పేది ఏ గదిలో, అన్నీ అతని చేతి కాగితంలో ఉన్నాయి. ప్రతి బడికీ ఒక తరగతి గది కేటాయించారు. మా గదిలో బోర్డు మీద బృందంలోని ప్రతి పేరూ రంగు పెన్నులతో రాసి ఉంది. మా అమ్మాయి పొడవాటి పేరు ఒక్క అక్షరం తప్పు లేకుండా ఉంది. ఇన్నేళ్ల చదువులో తన సొంత బడి సర్టిఫికెట్ల మీద కూడా నేను అది సరిగ్గా చూసింది తక్కువ. అమ్మాయి ఆ బోర్డు పక్కన నిలబడి ఫోటో తీయించుకుంది.

వేదిక ఎక్కడానికి అరగంట ముందు మా అమ్మాయి బూటు పట్టీ తెగింది. లేత గోధుమ రంగు, రెండంగుళాల మడమ ఉన్న నాట్యపు బూట్లు అవి. పట్టీ లేకపోతే తిరిగేటప్పుడు కాలి నుంచి జారిపోతాయి. నడవ చివర బల్ల వేసుకుని కూర్చున్న ఒక బామ్మ దగ్గరికి తోడు విద్యార్థి పరుగెత్తించాడు. ఆవిడ ముందు దారపు ఉండలు, పిన్నులు, మేజోళ్లు, గుండీలు, అన్ని రంగుల సాగే పట్టీలు ఉన్నాయి. బూటును ఒళ్లో పెట్టుకుని, తోలు చిరగని చోట సూది దింపి, చర్మం రంగుకు కలిసే పట్టీని రెండు వరుసలు కుట్టి, ముడి లోపలివైపు వేసింది, మడమకు గుచ్చుకోకూడదని. డబ్బులివ్వబోతే చేతులు ఊపేసింది. మనవరాలు ఆ బడిలో చదివి వెళ్లిపోయి చాలా కాలమైందట, ఆవిడ మాత్రం ఏటా వస్తోంది.

నాకు అర్థమైనంతలో బడికీ హోటల్‌కూ ఉన్న ఈ తేడాకు కారణం ఇది. పోటీ నడిపే బడికి టిక్కెట్లు, తినుబండారాల మీద వచ్చే డబ్బే ఏడాది దుస్తులకూ వాద్యాలకూ ఆధారం. పనిచేసేదంతా జీతం లేని తల్లిదండ్రులు. వచ్చిన బృందాలు మళ్లీ రావాలంటే మర్యాద చేయాల్సిందే. పైగా వచ్చే వారం ఈ బడి పిల్లలే మరో బడికి అతిథులు. హోటల్‌కు ఆ అవసరం లేదు, మంచు కురిసే రాత్రి గది కావలసినవాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు.

తిండి కూడా బాగుంది. మొక్కజొన్న చిప్స్ పొట్లాన్ని నిలువుగా కోసి, అందులో కూరా చీజూ వేసి, పొట్లంలోనే ఫోర్కు గుచ్చి ఇస్తారు. వాకింగ్ టాకో అంటారు, 6 డాలర్లు. మాంసం కూరతో పాటు ఉత్త చిక్కుడు గింజల కూర వేరే గిన్నెలో, వేరే గరిటెతో ఉంచారు. అడగకముందే చేతి తొడుగులు మార్చుకుని మా అత్తయ్యకు వడ్డించారు. ఆవిడ మొత్తం తిన్నారు.

పిల్లలు ఫైనల్స్‌కు ఎంపికైన ఆరు బృందాల్లో ఒకరయ్యారు. రాత్రి పదకొండున్నరకు వచ్చిన ఫలితాల్లో నాలుగో స్థానం. నెమ్మది పాటలో ఉదయం కంటే బాగా పాడారు. వేదిక వెనక చీకట్లో దుస్తులు మార్చుకునే క్షణాల్లో ఒక్క హుక్కూ ఊడలేదు. మా చిన్నవాడు నిద్ర కళ్లతోనే ప్రతి బడికీ లేచి చప్పట్లు కొట్టాడు.

ఆదివారం హోటల్ గొడవ తర్వాత ఎవరికీ మాట్లాడాలని లేదు. ఫోర్ట్ వేన్‌లో బర్మా నుంచి శరణార్థులుగా వచ్చిన కుటుంబాలు 1990ల నుంచి పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి, వాళ్ల భోజనశాలలున్నాయి. అలాంటి ఒక చిన్న చోట ఆగాం. శనగపిండిని ఉడికించి గడ్డకట్టించి ముక్కలు కోసి వేయించిన షాన్ టోఫు, చింతపండు పులుసుతో పెట్టారు. మా అత్తయ్య ఒక ముక్క కొరికి, "ఇది శనగపిండే!" అని, ప్రయాణం మొదలయ్యాక మొదటిసారి గట్టిగా నవ్వారు. ఆవిడ నాన్నగారు కుర్రతనంలో ఓడెక్కి రంగూన్ వెళ్లి బియ్యం మిల్లులో పనిచేసి, 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు నడిచి తిరిగొచ్చినవాళ్లలో ఒకరు. ఆ ముచ్చట్లు మా పిల్లలు అంతకుముందు వినలేదు. మావారు కూడా అన్నీ విన్నట్లు లేదు, కుర్చీ దగ్గరకు జరుపుకుని కూర్చున్నారు. ఐదుగురికి టిప్పుతో 71 డాలర్లు. లేత టీ ఆకుల సలాడ్ కూడా తప్పక తినండి. కాకపోతే ఎండు రొయ్యలు, చేపల సాస్ వేయొద్దని ముందే చెప్పాలి.

పోటీకి వెళ్లేవాళ్లకు ఇంకో మూడు సంగతులు. ఒక బృందం పాడుతున్నంతసేపూ హాలు తలుపులు తీయరు, కాబట్టి మీ పిల్లల బృందానికి ముందు బృందం మొదలవకముందే లోపల ఉండండి. వీడియో తీయనివ్వరు, పాటల హక్కుల సమస్య. ముందు వరుసలకు ఎగబడకండి, మెట్ల వేదిక పైవరుసలో ఉన్న పిల్లల కాళ్లు అక్కడి నుంచి కనపడవు. హాలు మధ్యలో, కాస్త ఎత్తులో కూర్చుంటే అందరూ కనిపిస్తారు. ఆ సీట్లు ఎనిమిదిన్నరకే నిండిపోతాయి.