ఫిన్లాండ్ సరస్సుల దారిలో: జాతీయ ఉద్యానాల సేవపై సమీక్ష

ఫిన్లాండ్ ఖరీదైన దేశమన్న మాట నిజమే. హోటల్ గదికైనా, పెట్రోలుకైనా, పూట భోజనానికైనా యూరోలు ఆచితూచి తీయవలసిందే. అయినా కారులో కొద్దిరోజులు సరస్సుల మధ్య తిరిగి రావాలనుకునేవారికి, చేతిలో డబ్బు తక్కువగా ఉన్నా, నేను ధైర్యంగా సూచించే దేశం ఇదే. అందుకు కారణం అక్కడి ప్రభుత్వ అటవీ సంస్థ మెత్సాహల్లితుస్ నిర్వహించే జాతీయ ఉద్యానాలు. అవి మొత్తం 41 ఉన్నాయి. దేనికీ ప్రవేశ రుసుము లేదు. హెల్సింకిలో బయలుదేరి రెపోవెసి, లిన్నన్‌సారి, కోలి ఉద్యానాల మీదుగా ఈశాన్యానికి సాగే దారిలో ఆ సేవ ఎలా ఉందో ఇక్కడ రాస్తున్నాను.

ఉచితమంటే తలుపు తెరిచి వదిలేయడం కాదని మొదటి నడకదారిలోనే అర్థమవుతుంది. ఫిన్నిష్ భాషలో ‘లావు’ అని పిలిచే, మూడు పక్కల మూసి ఒక పక్క తెరిచి ఉంచిన చెక్కపాక, దాని ముందు రాళ్లు పేర్చిన పొయ్యి, పక్కన కట్టెల కొట్టు, చాలాచోట్ల గొడ్డలీ రంపమూ, కాస్త ఎడంగా నీళ్లతో పనిలేని పొడి మరుగుదొడ్డి, ఇవన్నీ ఎవరి అనుమతీ అడగకుండా వాడుకోవచ్చు. గుర్తించి పెట్టిన చోట్ల గుడారం వేసుకోవచ్చు. వాటిలో చాలావాటికి రుసుము లేదు. కాపలాదారు కనిపించడు, చెత్తబుట్ట కూడా కనిపించదు. తెచ్చిన చెత్తను తెచ్చినవారే తిరిగి తీసుకుపోవాలన్నది నియమం. ఇంత పెద్ద ఏర్పాటంతా వచ్చేవారి బాధ్యత మీద నమ్మకంతో నడుస్తున్నది. ఈ సేవలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్నది ఆ నమ్మకమే.

రెపోవెసి అందుకు మంచి నిదర్శనం. కౌవోలా పట్టణానికి ఉత్తరంగా ఉన్న ఈ ప్రాంతం ఒకప్పుడు కలప కోసం చెట్లు నరికిన అడవి. దుంగలను నీటి మీద తేలవేసి పంపిన కాలువను కూతిన్‌లహ్తి దగ్గర ఇప్పటికీ చూడవచ్చు. 2003లో జాతీయ ఉద్యానంగా ప్రకటించాక అడవి తిరిగి కోలుకుంటున్నది. లపిన్‌సల్మి వేలాడే వంతెన దాటి కొండరాళ్ల మధ్య నడిచి వస్తే, చిన్న జలసంధి దగ్గర కేతున్‌లొస్సి అనే పంటు ఉంటుంది. దానికి ఇంజనూ సరంగూ టిక్కెట్టూ లేవు. ఎక్కినవారే తాడు పట్టి లాగుకుంటూ అవతలి ఒడ్డు చేరాలి. పిల్లలున్న కుటుంబాలు ఇక్కడ ఎంతసేపైనా గడుపుతాయి. వారాంతాలలో రద్దీ ఎక్కువ కనుక వీలైతే పనిదినాన వెళ్లడం మేలు.

లిన్నన్‌సారి దగ్గరకు వచ్చేసరికి లెక్క మారుతుంది. 1956లో ఏర్పడిన ఈ ఉద్యానం హౌకివెసి సరస్సులోని దీవుల సముదాయం కాబట్టి పడవ లేకుండా చేరలేము. ఒరావి వంటి ఒడ్డు గ్రామాల నుంచి వెళ్లే పడవకో, అద్దె కయాక్‌కో డబ్బు చెల్లించాలి. ఈ ప్రయాణం మొత్తంలో ఎక్కడైనా చేయి విప్పదలచుకుంటే ఇక్కడే విప్పమంటాను. హిమయుగం ముగిసి నేల పైకి లేచినప్పుడు సముద్రంతో సంబంధం తెగి, మంచినీటిలోనే నిలిచిపోయిన సైమా సీల్ అనే నీటి జంతువు ఈ సరస్సుల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. ఇప్పుడు మిగిలినవి కొన్ని వందలే. మే చివరి రోజులలో అవి బొచ్చు మార్చుకుంటూ రాళ్ల మీద ఎండలో పడుకుంటాయి కనుక చూసే అవకాశం అప్పుడే ఎక్కువ. దూరంగా ఉండి, చప్పుడు చేయకుండా చూడాలి; దగ్గరికి పోవాలన్న ఆశకు లొంగకూడదు.

కోలి గురించి చెప్పవలసింది తక్కువ. 347 మీటర్ల ఉక్కో-కోలి శిఖరం మీది తెల్లని క్వార్ట్‌జైట్ బండల నుంచి పియెలినెన్ సరస్సును చూడడానికే అందరూ వస్తారు. చిత్రకారుడు ఏరో యార్నెఫెల్ట్ పదేపదే గీసిన దృశ్యం అది. జనం ఎంత ఉన్నా చూడదగినదే.

బడ్జెట్‌కు అసలు గండి పడేది కారు దగ్గర. అద్దె కారు తీసుకునేటప్పుడు రోజుకు ఇన్ని కిలోమీటర్లన్న పరిమితి ఒప్పందంలో ఉందేమో చూసుకోవాలి. మనుషులు లేని పెట్రోలు బంకులలో కార్డు నుంచి ముందుగా పెద్ద మొత్తాన్ని పట్టి ఉంచి తర్వాత సరిచేస్తారు. ఖాతాలో కొద్దిపాటి సొమ్ముతో తిరిగేవారికి ఇది ఇబ్బందే. ప్రభుత్వ రోడ్లను కలిపే పసుపు రంగు ఫెర్రీలకు మాత్రం చార్జీ లేదు. ఊళ్ల బయట వేరే బోర్డు లేకపోతే వేగపరిమితి 80 కిలోమీటర్లు, పగలైనా హెడ్‌లైట్లు వెలగాలి, సందెవేళల్లో రోడ్డు దాటే మూస్ దుప్పుల కోసం కళ్లు తెరుచుకుని ఉండాలి. ఎవరి అడవిలోనైనా నడిచే, పళ్లు కోసుకునే, ఇళ్లకు దూరంగా ఒకటి రెండు రాత్రులు గుడారం వేసుకునే హక్కు ఈ దేశంలో అందరికీ ఉంది గాని, రోడ్డు దిగి కారును పరుల నేల మీదికి నడిపే హక్కు అందులో లేదు.

ఉచిత కట్టెలను నమ్ముకుని వంట ఏర్పాటు లేకుండా వెళ్లడం మాత్రం పెద్ద పొరపాటవుతుంది. వేసవిలో అడవి మంటల హెచ్చరిక వెలువడితే ఆరుబయట నిప్పు రాజేయడం నిషిద్ధం. అందుకే చిన్న గ్యాస్ స్టవ్ కారులో ఉండి తీరాలి. సరస్సు నీటిని మరిగించి తాగాలి, మరుగుదొడ్డికి కాగితం మనమే తీసుకెళ్లాలి. జూన్, జూలైలలో దోమలు విపరీతం. ఆగస్టు చివరికి వాటి బెడద తగ్గుతుంది, బ్లూబెర్రీలు ఇంకా దొరుకుతాయి, నడివేసవిలోలా కాక రాత్రి చీకటి పడుతుంది. సీల్ చూడాలన్న పట్టుదల లేనివారికి నేను సూచించేది ఆ సమయాన్నే.