ఊగే పన్ను: నిలుపుకోవడం మేలా, పీకించి ఇంప్లాంట్ పెట్టించుకోవడం మేలా?

చిత్తూరులో ఉంటూ చెరకు ముక్క కొరకలేకపోవడం మా అమ్మకు పెద్ద దిగులు. కింది ముందు పళ్లు రెండు ఊగుతున్నాయి. పుచ్చు లేదు, నొప్పి లేదు. ఎక్స్‌రే తీశాక తెలిసింది, లోపం పంటిది కాదు, దాన్ని పట్టుకున్న ఎముకది.

ఆవును కట్టే గుంజ చుట్టూ మన్ను వానకు కొట్టుకుపోయిందనుకోండి. ఆవు అదే, లాగే బలం అదే, అయినా గుంజ ఊగుతుంది. ఆరోగ్యంగా ఉన్న నోట్లో ఎముక అంచు పంటి మెడకు 1–2 మిల్లీమీటర్ల దిగువనే ఉంటుంది. గార పేరుకుని చిగురు వాచి ఎముక కరిగే కొద్దీ పైన మిగిలే భాగం పొడవై, లోపల పట్టు తగ్గుతుంది. అలాంటి పన్ను నిలువుగా పడే ఒత్తిడిని కొంత ఓర్చుకుంటుంది. చెరకు చీల్చేటప్పుడు పక్కకు లాగే బలాన్ని మాత్రం ఓర్చుకోలేదు.

ఇంప్లాంట్ అంటే పంటి వేరుకు బదులు దవడ ఎముకలో బిగించే మర, దాని మీదే కట్టుడు పన్ను నిలుస్తుంది. అది ఎముకకే నేరుగా అతుక్కుంటుంది, కాబట్టి ఊగదు. గట్టితనమే కావాలంటే అదే మేలు. కానీ సొంత పంటి వేరుకూ ఎముకకూ మధ్య పావు మిల్లీమీటరు మందాన మెత్తని నారపొర ఉంటుంది. అన్నంలో రాయి తగలగానే దవడను ఆపేది ఆ పొరే. ఇంప్లాంట్‌కు అది ఉండదు. పైగా దానికీ ఎముకే ఆధారం. ఎముక చాలకపోతే ముందు దాన్ని పెంచాలి. చిగుళ్ల జబ్బును వదిలేస్తే ఇంప్లాంట్ చుట్టూ ఉన్న ఎముకా కరుగుతుంది. పొగతాగడం, అదుపులో లేని మధుమేహం సొంత పంటికీ ఇంప్లాంట్‌కూ చేటే.

పీకించి బ్రిడ్జి, అంటే పక్క పళ్ల ఆధారంతో మధ్యలో నిలిపే కట్టుడు పన్ను, వేయించడం నాకు నచ్చలేదు. పక్క పళ్ల ఎముక కూడా తగ్గినప్పుడు వాటి మీద ఇంకో పంటి బరువు మోపడం అన్యాయం.

పన్ను పక్కలకే కదులుతూ, ఎముక సగమైనా మిగిలి ఉంటే నిలుపుకోవడమే మేలని నా గట్టి అభిప్రాయం. పైకీ కిందికీ కదిలేంతగా వదులైతే పీకించక తప్పదు. అమ్మకు ముందు చిగుళ్ల లోపలి గార తీశారు, తర్వాత ఆ రెండింటినీ పక్కనున్న గట్టి పళ్లతో కలిపి సన్నని తీగతో కట్టారు. ఆ కట్టు ఎముకను పెంచదు, బరువును పంచుతుంది, అంతే. తీగ వెనక పాచి తొందరగా చేరుతుంది కాబట్టి రోజూ రాత్రి పళ్ల సందుల్లో చిన్న బ్రష్‌తో శుభ్రం చేసుకుంటుంది. చెరకైనా తోతాపురి మామిడైనా ఇప్పుడు చిన్న ముక్కలుగా కోసి, దవడపళ్లతోనే నములుతోంది.