గెట్ ఆన్, గెట్ ఇన్: ఏ బండికి ఏది?

తెలుగులో బస్సూ ఎక్కుతాం, ఆటోనూ ఎక్కుతాం. ఇంగ్లీషులో అలా కుదరదు. లోపల నిలబడి నాలుగడుగులు నడవగలిగే వాటికి గెట్ ఆన్: విజయనగరం కాంప్లెక్సులో బస్సు, ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో రైలు. వంగి దూరి కూర్చునే ఆటో, కారులకు గెట్ ఇన్. సైకిలు మీద కూర్చుంటాం కాబట్టి దానికీ ఆన్. కళింగపట్నం తీరంలో చిన్న పడవకైతే ఇన్.

అసలు చిక్కంతా దిగేటప్పుడే. 'కిందికి దిగు' అన్న మాట మనసులో ఉండి గెట్ డౌన్ అనేస్తాం. మన దగ్గర చెల్లుతుంది. బ్రిటన్, అమెరికాల్లో బస్సుకు గెట్ ఆఫ్, కారుకు గెట్ అవుట్ ఆఫ్ అంటారు. రాసేటప్పుడు మొదటి ఆఫ్‌కు రెండు ఎఫ్‌లు, రెండోదానికి ఒకటే. దాన్ని 'ఆవ్' అని పలకాలి. ఒట్టి గెట్ అవుట్ అని ఆపేస్తే మాత్రం పొమ్మని కసిరినట్టే వినిపిస్తుంది.