అల్లుడి ఇంటిపేరు వెంట మేయో దాకా

మా అల్లుడి ఇంటిపేరు ఓమాలీ. పుట్టింది, పెరిగింది బోస్టన్‌లో. ముత్తాత ఐర్లండ్ పడమటి తీరంలోని మేయో కౌంటీ నుంచి వచ్చాడన్న ఒక్క మాటే ఇంట్లో మిగిలింది. పోయిన వేసవిలో అతనూ మా అమ్మాయీ అక్కడికి బయల్దేరితే నేనూ వెళ్లాను. ఐరిష్ ఇంటిపేర్ల ముందుండే 'ఓ' అంటే మనవడు, ఆ వంశంవాడు అని అర్థం.

డబ్లిన్‌లో ముందు కిల్డేర్ వీధిలోని నేషనల్ లైబ్రరీకి వెళ్లాం. వంశం గురించి వెతికేవాళ్లకు అక్కడ ఉచితంగా సలహా ఇస్తారు. అక్కడి ఆవిడ ఎంతో ఓపికగా మాట్లాడింది. ఆమె మొదట అడిగింది ఇంటిపేరు కాదు, "ఏ ప్యారిష్, ఏ టౌన్‌ల్యాండ్?" అని. ప్యారిష్ అంటే ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం. టౌన్‌ల్యాండ్ అంటే మన శివారు పల్లె లాంటిది. ఐర్లండ్ ద్వీపం మొత్తంలో అవి 60,000కు పైనే ఉన్నాయి. మా దగ్గర జవాబు లేదు. 1821 నుంచి 1851 వరకు జరిగిన జనాభా లెక్కల్లో చాలా భాగం 1922లో, అంతర్యుద్ధం మొదలైనప్పుడు, డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ అనే న్యాయస్థాన భవనాల మంటల్లో పోయింది. పూర్తిగా మిగిలిన లెక్కల్లో అన్నిటికన్నా పాతవి 1901, 1911వి. అవీ, పాత క్యాథలిక్ చర్చి రిజిస్టర్లూ ఇంట్లో కూర్చునే ఉచితంగా చూడొచ్చు. వాటి కోసం డబ్లిన్‌లో రోజులు గడపక్కర్లేదు. ఊరి పేరు సంపాదించుకున్నాకే టికెట్లు కొనండి.

ఒక దుకాణంలో 'మీ వంశ చిహ్నం' అని అందమైన ఫ్రేమ్ అంటగట్టారు. అక్కడ చిహ్నాలు వ్యక్తులకు ఇచ్చేవే గానీ ఇంటిపేరున్న అందరివీ కావని తర్వాత తెలిసింది. అల్లుడు చాలా బాధపడ్డాడు. దాని జోలికి పోకండి.

డబ్లిన్‌లోని హ్యూస్టన్ స్టేషన్ నుంచి మేయోలోని వెస్ట్‌పోర్ట్ ఊరికి రైల్లో మూడు గంటల పైచిలుకు. హోటల్ కన్నా ఊరివాళ్లు నడిపే చిన్న బసే మేలు. మా గది చిన్నదే, వేడినీళ్లు నిదానంగా వచ్చేవి. కానీ పొద్దున్నే వేడి గోధుమ రొట్టె, వెన్న పెట్టి ఇంటావిడ మాతో కూర్చునేది. శాకాహారులకు ఇబ్బంది లేదు. "ఏ ఓమాలీలు?" అని అడిగింది. ఒకే ఇంటిపేరువాళ్లు ఎక్కువైతే తండ్రి పేరో తాత పేరో కలిపి పిలుస్తారట. మా ఊళ్లో పైవీధివాళ్లు, చెరువుగట్టువాళ్లు అన్నట్టే.

అక్కడికి దగ్గర్లోనే మురిస్క్‌లో కరువు స్మారకం ఉంది. కంచు ఓడ, తాళ్లకు అల్లుకున్న అస్థిపంజరాలు. 1845లో బంగాళాదుంప పంట కుళ్లి మొదలైన ఆ కరువులో సుమారు పది లక్షల మంది చనిపోయారు, అంతకన్నా ఎక్కువమందే దేశం వదిలారు. అల్లుడు దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు.

మర్నాడు రూనా రేవు నుంచి క్లేర్ దీవికి పడవెక్కాం. గాలి ఎక్కువైతే పడవలు ఆపేస్తారు, ఒక రోజు అదనంగా ఉంచుకోండి. దీవి రేవులోనే గ్రేస్ ఓమాలీ బురుజు కనిపిస్తుంది. 1593లో ఇంగ్లండ్ రాణి మొదటి ఎలిజబెత్‌ను స్వయంగా కలిసిన సముద్ర నాయకురాలు ఆమె. దీవిలోని పాత మఠంలో ఓమాలీల శిలాఫలకం మీద లాటిన్ మాటలు చెక్కి ఉన్నాయి: నేలమీదా నీటిమీదా బలవంతులు. పైకప్పు మీద మధ్యయుగపు బొమ్మలు మసకగా మిగిలాయి. ఈ యాత్రలో మళ్లీ చూడాలనిపించేది ఈ దీవే.

తిరుగు పడవలో అల్లుడు బోస్టన్‌లో ఉన్న మేనత్తకు ఫోన్ చేశాడు. అక్కడి పాత ఐరిష్ సమాధి రాళ్ల మీద ఒక్కోసారి సొంత ప్యారిష్ పేరు చెక్కించేవారట. ముత్తాత సమాధి దగ్గరికి ఆదివారం వెళ్లి చూస్తానందామె.