చెవి కింద గడ్డకు శస్త్రచికిత్స: పద్ధతిని ఎంచుకున్న తీరుపై సమీక్ష

నా ఎడమ చెవి తమ్మె కింద గోలీకాయంత గడ్డ ఒకటి రెండేళ్లుగా ఉండేది. నొప్పి లేదు, వేలితో కదిపితే కదిలేది. దానికి జరిగిన శస్త్రచికిత్స గురించి, అంతకంటే ముఖ్యంగా ఏ పద్ధతిలో చేయాలో వైద్యులు నిర్ణయించిన తీరు గురించి ఈ సమీక్ష రాస్తున్నాను.

మొదట వెళ్లిన ఆసుపత్రిలో సంప్రదింపు ఐదు నిమిషాల్లో ముగిసింది. అక్కడి వైద్యుడు గడ్డను తడిమి చూసి, కొవ్వుగడ్డ లాంటిదేననీ, అక్కడికక్కడ మత్తుసూది ఇచ్చి పైనుంచి తీసేయవచ్చనీ అన్నారు. స్కాన్ గానీ, సూది పరీక్ష గానీ రాయలేదు. ఆ మాటకు ఒప్పుకొని ఉంటే ఎంత ప్రమాదం కొనితెచ్చుకునేవాణ్ణో రెండో చోటికి వెళ్లాకే తెలిసింది. ఆ తొందరపాటును నేను ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను.

రెండో ఆసుపత్రిలో ముందు అల్ట్రాసౌండ్ చూస్తూ సూదితో కణాలు తీశారు, తర్వాత ఎమ్మారై చేయించారు. లాలాజల గ్రంథిలో వచ్చే ప్లియోమార్ఫిక్ అడినోమా అనే క్యాన్సర్ కాని కణితి అని తేలింది. లాలాజల గ్రంథుల్లో వచ్చే కణితుల్లో దాదాపు 80 శాతం చెవి ముందూ, కిందా ఉండే పెరోటిడ్ గ్రంథిలోనే వస్తాయనీ, వాటిలోనూ సుమారు 80 శాతం క్యాన్సర్ కానివేననీ, అయినా ఈ రకాన్ని ఏళ్ల తరబడి వదిలేస్తే కొందరిలో క్యాన్సర్‌గా మారే అవకాశం పెరుగుతుందనీ శస్త్రవైద్యురాలు చెప్పారు. ఆ తర్వాత ఆమె ఒక కాగితం మీద ముఖనాడిని గీశారు. చెవి వెనుక పుర్రె ఎముకలోంచి బయటికొచ్చే ఆ నాడి, గ్రంథి మధ్యలోంచి సాగుతూ ఐదు ప్రధాన శాఖలుగా చీలి నుదుటినీ, కనురెప్పలనూ, బుగ్గనూ, పెదవులనూ కదిలిస్తుంది. నా గడ్డ ఆ శాఖల్లో అన్నిటికంటే కిందివాటికి పక్కనే ఉంది.

గడ్డను మాత్రమే ఒలిచి తీస్తే ఏమవుతుందని నేను అడిగినప్పుడు ఆమె ఇచ్చిన జవాబే ఈ సేవలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది. ఈ కణితి చుట్టూ ఉండే పొర ఒక్కో చోట బాగా పలచగా ఉంటుంది, ఒక్కో చోట అసలు ఉండదు, అక్కడి నుంచి చిన్న చిన్న మొగ్గలు పక్క కణజాలంలోకి పొడుచుకొస్తాయి. ఒలిచి తీసినప్పుడు ఆ మొగ్గలు మిగిలిపోతాయి, పొర చిరిగితే కణాలు గాయంలో చెదిరిపోతాయి. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఇలాగే తీసేవారు గనుక ఎంతోమందిలో గడ్డ తిరగబెట్టేది. అలా తిరగబెట్టేది సాధారణంగా ఒక్క గడ్డగా కాదు, మచ్చకట్టిన కణజాలంలో అక్కడక్కడా అనేక ముడులుగా వస్తుంది. అప్పుడు మళ్లీ కోస్తే నాడి దెబ్బతినే ప్రమాదం మొదటిసారి కంటే చాలా ఎక్కువ.

ఇక మిగిలినవి మూడు దారులు. నాడికి పైనున్న గ్రంథి భాగమంతా తీయడం, గడ్డతో పాటు దాని చుట్టూ ఉన్న కొంత భాగమే తీయడం, లేదా నాడి మొదలును వెతకకుండా పొరకు కాస్త వెలుపల నుంచి గడ్డను వేరుచేసే ఎక్స్‌ట్రాకాప్సులర్ డిసెక్షన్. చివరిది చిన్నగా, పైపైన, బాగా కదులుతూ ఉండే గడ్డలకు, అదీ అనుభవం ఉన్నవారి చేతుల్లో, మంచి ఫలితమే ఇస్తుందని ఆమె దాచకుండా చెప్పారు. నా గడ్డ లోపలి అంచు నాడి శాఖకు ఆనుకొని ఉన్నట్టు ఎమ్మారైలో కనిపించింది కాబట్టి నాడిని ముందే గుర్తించి, దాని వెంట సాగుతూ రెండో పద్ధతిలో చేస్తానన్నారు. నాడిని పసిగట్టే మానిటర్ వాడతారట, కానీ కంటితో గుర్తించడానికి అది బదులు కాదని కూడా అన్నారు.

శస్త్రచికిత్స పూర్తి మత్తులో జరిగింది. గాయంలో చేరే ద్రవాన్ని బయటికి పంపే గొట్టం (డ్రెయిన్) రెండు రోజులు ఉంది. కింది పెదవి ఎడమ మూల ఆరు వారాల పాటు సరిగ్గా కదలలేదు, తర్వాత పూర్తిగా కోలుకుంది. భోజనం చేసేటప్పుడు బుగ్గ మీద కొద్దిగా చెమట పడుతోంది, ఫ్రే సిండ్రోమ్ అనే ఈ సమస్య రావచ్చని ముందే చెప్పారు గనుక భయపడలేదు.

ఒక లోపం మాత్రం గట్టిగా చెప్పాలి. చెవి తమ్మెకు స్పర్శనిచ్చే నాడి కూడా ఈ కోతలో దెబ్బతినవచ్చన్న విషయం నాకు ఎవరూ చెప్పలేదు, అంగీకార పత్రంలోనూ లేదు. తమ్మె ఇప్పటికీ మొద్దుబారే ఉంది. పెద్ద ఇబ్బంది కాదు, కానీ ముందే తెలిసి ఉండాల్సింది.

తీసిన గడ్డ పొర ఎక్కడా చిరగలేదని పరీక్ష నివేదికలో వచ్చింది. ఈ కణితి పదేళ్లు దాటాక కూడా తిరగబెట్టవచ్చు గనుక క్రమం తప్పకుండా తనిఖీకి రమ్మన్నారు. మొదటి ఏడాది అల్ట్రాసౌండ్‌లో ఏమీ కనిపించలేదు.